నాట్యం చేసే బొమ్మలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్యం కదిలేది, బొమ్మ కదలనిది. ఒకదానిలో మరొకదాన్ని చూపడమెలా అన్నది చిత్రకారులందరికీ వచ్చే చిక్కే. జర్మనీలో ఎమిల్ నోల్డే అనే ఆయన 1913లో రాతి అచ్చుతో ‘నర్తకి’ బొమ్మ వేశాడు. అందులో అంగాల కొలతలు చూడకూడదు, ఆవేశం చూడాలి. ఆ పద్ధతిని ఎక్స్‌ప్రెషనిజం అంటారు.

మనకు అంతదూరం పోనక్కరలేదు. పెనుకొండలో విజయనగర ప్రభువుల కొలువు చేసిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అచ్యుతదేవరాయల కాలంలో కట్టించిన లేపాక్షి గుడి హిందూపురానికి పదిహేను కిలోమీటర్లే. నాట్యమండపం స్తంభాల మీద రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తాడు. అక్కడే మూడుకాళ్ళ భృంగి ఉన్నాడు. పార్వతీదేవి ఆగ్రహంతో సత్తువ పోయినవాడికి నిలబడడానికి శివుడిచ్చిన కాలు అది అంటారు. నాకు మాత్రం వేగంగా వేసే అడుగు కంటికి రెండుచోట్ల కనబడినట్టే ఉంటుంది. పండితులు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

అసలు చెప్పదలచినది ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట గురించి. అక్కడ తోలుబొమ్మలవారు మేకతోలును వెలుతురు పారేటట్టు పలుచన చేసి, రూపం గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రెండువైపులా రంగులద్దుతారు. ఆ చిల్లులే తెర మీద నగలుగా మెరుస్తాయి. నర్తకి బొమ్మకు తల, చేతులు విడిగా కోసి దారంతో కూరుస్తారు. ఆడించేవాడు పుల్లలు పట్టి, పాడుతూ, కాలికింద చెక్క తొక్కుతూ ఆడిస్తాడు. బొమ్మను తెరకు ఆనిస్తే రంగు తేటపడుతుంది, వెనక్కి లాగితే మసకబారుతుంది. ఆ రెంటి మధ్యనే ఆమె నిజంగా తిరిగినట్టు ఉంటుంది.

ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. అయితే ఆ చేతులు ఇప్పుడు లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు కూడా చేస్తున్నాయి. బతుకుతెరువు, తప్పుపట్టను. కానీ లాంప్‌షేడు మీది నర్తకికి కీళ్ళతో పనిలేదు. చిల్లులు కొట్టడానికి డబ్బొస్తుంది గనుక పిల్లలు అది నేర్చుకుంటారు. రాత్రంతా పద్యం అందుకుంటూ బొమ్మను ఆడించడం ఎవరు నేర్చుకుంటారు? ఆట చూసేవాళ్ళే లేకపోతే ఎందుకు నేర్చుకోవాలి?

కనుక కార్యవర్గానికి ఒక మనవి. ఈసారి విహారయాత్ర లేపాక్షికి పెడితే, బస్సును నిమ్మలకుంటకు కూడా తిప్పండి. ముందుగా కబురుపెట్టి, ఒక ఘట్టమైనా ఆడించమని అడిగి, వారికి ఇవ్వవలసినది సంఘం నిధి నుంచి ఇవ్వండి. మనవలను, మనవరాళ్ళను వెంట తీసుకురండి. కాసేపు తెర వెనక కూడా కూర్చోబెట్టండి.

సెలవు.