బడికి పడుగు పేని పెట్టేవాళ్లు ఎవరు?

(యాపలదిన్నిలో జరిగిన చేనేత కులాల సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగం. డిజిటల్ సంచిక కోసం అక్షరబద్ధం చేశాం.)



మనలో ఒకరు మార్కండేయుణ్ణి కొలుస్తారు, ఒకరు దేవల మహర్షిని తలుస్తారు, ఒకరు చౌడేశ్వరమ్మకు మొక్కుతారు. పద్మశాలి, దేవాంగ, తొగట, స్వకుళసాళి, కురుహినశెట్టి, ఇట్లా పేర్లు వేరైనా మగ్గం గుంత ఒకటే. అందుకే ఈ సమాఖ్య నిలబడింది. సమాఖ్య పెద్దలు నన్ను ‘బడి గురించి నాలుగు మాటలు చెప్పండి సార్’ అన్నారు. బడిలో హెడ్‌మాస్టరు చేయాల్సిన పనుల్లో ఎవరి కంటికీ కనిపించని ఒక పని ఉంది. ఈ రోజు దాని గురించే చెప్తాను. పాత విద్యార్థులను, పనిచేసే ఉపాధ్యాయులను, విశ్వవిద్యాలయాన్ని బడికి అతికే పని అది.

అతకడం అంటే మీకు నేను చెప్పేదేముంది? మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పట్టి అచ్చు అతుకుతారు. వేల పోగులు. ఆ పనికి చీర మీద పేరుండదు, అంచులో కనపడదు. కానీ అది జరగకపోతే మగ్గం ఆగిపోతుంది. బడిలో కూడా అంతే. ఒక తరం టీసీ తీసుకొని పోతుంది, ఇంకో తరం ఒకటో తరగతిలో చేరుతుంది. ఈ రెండు తరాల నడుమ ముడి వేసేవాడు లేకపోతే ప్రతి తరమూ మొదటినుంచే మొదలుపెట్టాల.

మన ప్రాంతంలో ఈ ముడి లేక ఏం నష్టమవుతోందో చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీకి పోతే ఇంగ్లీషు. మూడు భాషల నడుమ మన పిల్ల ఎస్సెస్సెల్సీ దాకా ఎట్లనో నెట్టుకొస్తుంది. తర్వాత ఏ కోర్సు, ఏ ఊరు, ఏ హాస్టలు, ఏ అర్జీ అని అడిగితే చెప్పేవాడు ఇంట్లో లేడు. ఆగస్టు వచ్చిందంటే సరిహద్దు అవతల సీడు పత్తి చేలల్లో క్రాసింగు పని మొదలవుతుంది. చిన్న వేళ్లు ఆ పనికి బాగా పనికొస్తాయంటారు. అట్లా పోయిన పిల్లల్లో కొందరు దీపావళి తర్వాత కూడా బడికి తిరిగి రారు. హాజరు పట్టీలో గీత పడుతుంది, తర్వాత పేరే పోతుంది. నేను మాట్లాడేది ఆ పేర్ల గురించి.

బడిని నడిపేవాడు తలుచుకుంటే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. కృష్ణ, తుంగభద్రల నడుమ మన రాయచూరు ఉన్నట్టే అవతల నడిగడ్డ ఉంది. ఆ నడిగడ్డలోని అలంపురంలో పుట్టినవాడు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. ఐపీఎస్ అధికారి. అమెరికాలో హార్వర్డులో చదివి వచ్చి, పోలీసు పోస్టు కాదని 2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి పదవి తీసుకున్నారు. 2021 దాకా, అంటే దాదాపు తొమ్మిదేండ్లు, అదే పనిలో ఉన్నారు. తర్వాత ఆయన రాజకీయాల్లోకి పోయారు. ఆ సంగతి ఈ సభకు వద్దు. బడుల్లో ఆయన చేసిన పని మనకు కావాల.

ఆయన ముందు పేరు మార్చారు. సాంఘిక సంక్షేమ హాస్టలు పిల్లలంటే జనం జాలిగా చూసేవాళ్లు. సోషల్ వెల్ఫేర్ అనే మాటల మొదటి అక్షరాలకు ఆకాశమనే అర్థం వచ్చే మాట కలిపి ‘స్వేరో’ అన్నారు. చదువుకునే పిల్లలకూ అదే పేరు, చదివి పోయినవాళ్లకూ అదే పేరు. దాంతో పాత విద్యార్థి బడికి చుట్టపుచూపుగా వచ్చే అతిథి కాకుండా ఇంటి మనిషి అయినాడు. రెండోది, సెలవులను వృథా చేయలేదు. ‘సమ్మర్ సమురాయ్’ పేరుతో వేసవి శిబిరాలు పెట్టి పిల్లలకు పుస్తకంలో లేనివి నేర్పించారు. మూడోది, పెద్ద చదువుల దారి చూపారు. ఆ గురుకులాల పిల్లలు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి, అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయానికి పోయారు. ఆడపిల్లలు ఇంటర్ దగ్గర ఆగిపోకుండా మహిళా గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చాయి.

2014 మే 25న మాలావత్ పూర్ణ అనే పదమూడేండ్ల గురుకుల విద్యార్థిని, ఆనంద్ కుమార్ అనే విద్యార్థితో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అందరూ ఆ ఫొటో చూశారు. ఆ ఫొటో వెనక కొండలెక్కడం నేర్పిన శిక్షకులు, పేరు పంపిన ఉపాధ్యాయులు, ‘పోనీయండి’ అన్న తల్లిదండ్రులు ఉన్నారు. నేను చెప్పే అతుకు అదే.

మన కులాల్లో కూడా ఉదాహరణ ఉంది. షోలాపూరుకు బతకడానికి పోయిన తెలుగు పద్మశాలీలు అక్కడ మగ్గాలు, మిల్లులతో ఆగిపోలేదు. పద్మశాలి శిక్షణ సంస్థ పెట్టి కుచన్ ప్రశాల నడిపారు, ఆడపిల్లలకు బుర్లా మహిళా కాలేజీ నిలబెట్టారు. మరాఠీ గడ్డ మీద తెలుగు ఇండ్ల పిల్లలకు బడి నుంచి కాలేజీ దాకా దారి వేశారు. పరాయి రాష్ట్రంలో వాళ్లు చేసింది సొంత ఊర్లో మనం చేయలేమా?

ఇప్పుడు పనిలోకి దిగుదాం. మూడు పోగులు పట్టుకుంటాం.

మొదటిది పాత విద్యార్థులు. హెడ్‌మాస్టరు గదిలో బీరువా అడుగున దాఖలాతి రిజిస్టరు ఉంటుంది. బడి తెరిచిననాటి నుంచి ఎవరు చేరారు, తండ్రి పేరేమి, ఎప్పుడు టీసీ తీసుకున్నారు, అన్నీ అందులో ఉంటాయి. పాత విద్యార్థుల సంఘానికి అంతకన్నా మంచి జాబితా ఎక్కడా దొరకదు. పది పది సంవత్సరాలుగా విడదీసి, ప్రతి బ్యాచికీ ఒక మనిషిని పట్టుకుంటే చాలు, మిగతావాళ్లను వాళ్లే వెతుకుతారు. అయితే మొదటి ఫోనులోనే డబ్బు అడగకండి. డబ్బు అడిగితే ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ‘సంవత్సరానికి ఒక రోజు రండి, పదో తరగతి పిల్లలతో కూచోండి, మీరు ఏం చదివారో, ఎక్కడ తడబడ్డారో చెప్పండి’ అని అడగాల. బెంగళూరులో కంప్యూటరు పని చేసేవాడొక్కడే పాత విద్యార్థి కాదు. గద్వాల చీర నేసే అక్క, లైన్‌మన్, నర్సు, బస్సు కండక్టరు, వీళ్లందరూ పాత విద్యార్థులే. పిల్లలకు నిజంగా అందే మెట్లు వీళ్లే.

డబ్బు వచ్చినప్పుడు లెక్క బయటపెట్టాల. మన రాష్ట్రంలో 2001 నుంచి బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఉన్నాయి, మనం ఎస్‌డీఎంసీ అంటాం. వచ్చింది ఆ ఖాతాలోనే పడాల, రసీదు ఇవ్వాల, ఖర్చు బోర్డు మీద రాయాల. లెక్క కనపడని చోటికి రెండోసారి ఎవరూ ఇవ్వరు.

రెండోది ఉపాధ్యాయులు. మా వైపు బడికి రావడానికి చాలామంది ఇష్టపడరు, వచ్చినవాళ్లు బదిలీ ఎప్పుడా అని చూస్తారు. ఖాళీలను గెస్ట్ టీచర్లు నింపుతారు, ఏడాది అయిపోగానే వాళ్లూ పోతారు. హెడ్‌మాస్టరు బదిలీలను ఆపలేడు. కానీ పోయే టీచరు దగ్గరున్న సంగతులు బడిలో మిగిలేటట్టు చూడగలడు. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ పిల్లకు చదవడం కష్టం, ఏ ఇంట్లో మగ్గం ఆగింది, ఏ పిల్లవాడు పనికి పోతున్నాడు, ఏ కాలేజీలో ఎవరు పరిచయం, అన్నీ అందులో రాసి కొత్త టీచరు చేతిలో పెట్టాల. గెస్ట్ టీచరమ్మను కూడా సమావేశంలో కుర్చీ వేసి కూచోబెట్టాల. ఊరు గౌరవిస్తే టీచరు నిలబడతాడు. బదిలీ అయి పోయినవాళ్లను కూడా పాత విద్యార్థుల రోజున పిలవండి, వస్తారు.

మూడోది విశ్వవిద్యాలయం. 1956 దాకా మనం హైదరాబాద్ రాష్ట్రంలో ఉంటిమి, పెద్ద చదువంటే 1918లో పుట్టిన ఉస్మానియానే. తర్వాత ధారవాడ అన్నారు. 1980లో గుల్బర్గాకు విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు మన రాయచూరు తాలూకా ఎరగేరాలోనే విశ్వవిద్యాలయం ఉంది. రాయచూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, 2019లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఉంది. విశ్వవిద్యాలయం అంత దూరం నుంచి మన వాకిలి దాకా నడిచి వచ్చింది. మన బడి నాలుగడుగులు ఎదురు పోవద్దా?

పోవడానికి దారులు కూడా ఉన్నాయి. కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఏడు రోజుల శిబిరానికి ఊరు వెతుక్కుంటారు. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద చేరిన ఉన్నత విద్యాసంస్థలు ఊర్లను దత్తత తీసుకుంటాయి. హెడ్‌మాస్టరు, ఎస్‌డీఎంసీ అధ్యక్షుడు కలిసి సంతకం చేసి ఒక ఉత్తరం పట్టుకొని పోవాల. ‘మా ఊరికి ఏదైనా చేయండి’ అని రాస్తే లాభం లేదు. ‘మా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నెలకు రెండు శనివారాలు లెక్కలు, ఇంగ్లీషు చెప్పే డిగ్రీ విద్యార్థులు కావాల’ అని రాయాల. అడిగేది స్పష్టంగా ఉంటే ఒప్పుకోవడం వాళ్లకూ సులువు.

మరొకటి. 371జె కింద మన ప్రాంతపు విద్యాసంస్థల్లో 70 శాతం, రాష్ట్రస్థాయి సంస్థల్లో 8 శాతం సీట్లు మన కల్యాణ కర్ణాటక పిల్లలకు కేటాయించారు. దానికి అర్హతా పత్రం కావాల. ఆఖరి నిమిషంలో ఆఫీసుల చుట్టూ తిరిగి సీటు పోగొట్టుకునే బదులు, పదో తరగతిలో ఉన్నప్పుడే బడిలో కూచోబెట్టి కాగితాలు సిద్ధం చేయించాల. నేత మీద మనసున్న పిల్లలకు గదగ్‌లో చేనేత సాంకేతిక సంస్థ ఉంది, అవతల వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరున, హైదరాబాదులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరున ఇట్లాంటి సంస్థలే ఉన్నాయి. పదో తరగతి తర్వాత మూడేండ్ల డిప్లొమా. మగ్గం వదిలిపెట్టడమే చదువు అనుకునే పిల్లకు ఇది కూడా చదువేనని చెప్పేవాళ్లు ఉండాల.

కొందరు అంటారు, ‘సార్, పాఠాలు చెప్పడానికే టైము చాలదు, ఈ తిరుగుళ్లన్నీ హెడ్‌మాస్టరు ఎప్పుడు చేయాల?’ అని. నిజమే. మధ్యాహ్న భోజనం లెక్క, ఆన్‌లైన్ వివరాలు, మీటింగులు, అన్నీ ఆయన నెత్తినే. అందుకే ఈ మాట హెడ్‌మాస్టర్ల సభలో కాకుండా ఇక్కడ చెప్తున్నాను. రిజిస్టరు చూసి పేర్లు ఎత్తి రాయడం, ఫోన్లు చేయడం, విశ్వవిద్యాలయానికి తోడు పోవడం, ఇవి సమాఖ్య యువకులు చేయొచ్చు. నిర్ణయం బడిది, కాళ్లు మనవి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాల. సర్కారు బడి ఏ ఒక్క కులానిదీ కాదు. మన సమాఖ్య సాయం చేస్తే మాదిగ పిల్లకు, కురుబ పిల్లవాడికి, ముస్లిం పిల్లకు కూడా అంతే అందాల. మనం నేసిన బట్ట ఊరందరూ కట్టుకున్నారు. మనం నిలబెట్టే బడి కూడా అట్లే ఉండాల. బడి గోడ మీద పార్టీ జెండా, కులం బోర్డు రెండూ వద్దు.

ఈ సభ నుంచి నేను అడిగేది మూడే. వచ్చే వార్షికోత్సవం లోపల ప్రతి ఊర్లో హెడ్‌మాస్టరు అనుమతితో పాత విద్యార్థుల జాబితా తయారు కావాల. విశ్వవిద్యాలయానికి కనీసం ఒక ఉత్తరం పోవాల, జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ పోవాల. క్రాసింగు పని మొదలయ్యే ఆగస్టులో, సమాఖ్య మనుషులు ఇద్దరు ప్రతి వారం హాజరు పట్టీ గురించి టీచరును అడిగి, రాని పిల్ల ఇంటికి నడిచి పోవాల. మూడోది చేయగలిగితే మొదటి రెండూ ఆలస్యమైనా నేను ఏమీ అనను.

వచ్చే సంచికలో నా ఉపన్యాసం వేయొద్దు. ఈ ఏడాది బడి మానకుండా నిలిచిన పిల్లలు ఎంతమందో ఆ సంఖ్య వేయండి. అది చదవాలని ఉంది.