గడీ వాకిలి ఊడ్చిన మనిషి పేరు కమలాక్షి
(‘దాసి’ ప్రదర్శనకు ముందు విద్యార్థులు, ఉద్యోగుల సభల చేసిన ప్రసంగం)



ఇంకొంచెంసేపట్ల మనం ‘దాసి’ చూడబోతున్నం. 1988ల బి. నర్సింగరావు తీసిన సినిమా. ఇంతకు ముందు చూసినోళ్లు చేతులెత్తుండ్రి అంటే నాలుగైదు లేచినయి. తప్పు పట్టేదేం లేదు. ఆడితే గద చూసేది! అప్పట్ల అవార్డు వచ్చిన ప్రాంతీయ సినిమాలను దూరదర్శన్ ఆదివారం మధ్యాహ్నం ఏసేది, ఊరంత తిని పండుకునే యాళ్లకు. 610 జీవో ఎప్పుడొచ్చిందంటే మన ఉద్యోగ మిత్రులు నిద్రల లేపి అడిగినా 1985 అని చెప్తరు. దాని తర్వాత మూడేండ్లకొచ్చిన ఈ సినిమా మాత్రం యాదిల లేదు.

నర్సింగరావు అనంగనే ‘మా భూమి’ యాదికొస్తది. 1979ల ఆయన నిర్మాతగ, గౌతమ్ ఘోష్ దర్శకునిగ తీసిన సినిమా. అండ్ల తిరుగుబాటు ఉన్నది. చూసి బయటికొస్తే పిడికిలి బిగుస్తది. ‘దాసి’ల అదేం లేదు. కథ 1920ల కాలంది. కడవెండిల దొడ్డి కొమరయ్య నేలకొరిగిన 1946 రావడానికి ఇంకా ఇరవై ఏండ్లుంది. కాపాడటానికి ఎవరూ రారు. ఒక గడీ, ఒక దొర, ఒక దొరసాని, కమలాక్షి అనే దాసి. అంతే.

దొరబిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే సామాన్లతోపాటు ఆడపిల్లలను గూడ పంపేది. ఆడబాప అనేది, దాసి అనేది. దొరసానికి సేవ, ఇంటెడు చాకిరి, దొర పిలిస్తే పక్క, దొర ఇంటికొచ్చిన సుట్టం పిలిచినా పక్క. వెట్టి గురించి మనం చదువుకున్న కాడ నాగలి దున్నుడు, చెప్పులు కుట్టుడు, బట్టలుతుకుడు, కులానికో లెక్క ఉంటది. ఆడబాపల కాడికొచ్చేసరికి రెండు మూడు వాక్యాలల్ల దాటేస్తరు. ఆ రెండు వాక్యాల నడుమ ఉన్న మనిషిని చూపిచ్చిన సినిమా ఇది.

కమలాక్షిగ అర్చన చేసింది. ‘నిరీక్షణ’ చూసినోళ్లకు ఆ మొఖం ఎరుకే. మనకు నటన అంటే డైలాగు. ఇండ్ల కమలాక్షికి మాటలు చాన తక్కువ. ఆమె చేసేది పని. నడుం వంచే తీరు చూడుండ్రి, దొర ముందట తల దించే తీరు చూడుండ్రి. అభినయం నేర్చుకొని చేసినట్టు ఉండది. చిన్నప్పటి సంది భయం అలవాటైన ఒళ్లు ఎట్లుంటదో అట్లుంటది. జాలి చూపమని మనల్ని అడగది. అదే ఎక్కువ కోస్తది.

ఆమెకు కడుపు వస్తది. తీయించుకొమ్మని హుకుం అయితది. అప్పటిదాకా ఊడ్చిన వాకిండ్లు, మోసిన బరువు అన్నీ ఒకదిక్కు, ఇదొక్కటి ఒకదిక్కు. దునియాల ఒక్కటన్న తనదైతదేమో అన్న ఆశ, అది గూడ పోతున్న తెలివిడి, రెండూ ఒకటే మొఖంల నాకు కనపడ్డయి. తెలుగు సినిమాల అసొంటి మొఖం నేను మళ్ల చూడలే.

అంతకు ముందటేడే, 1987ల, బాలు మహేంద్ర తమిళంల తీసిన ‘వీడు’కు అర్చన జాతీయ ఉత్తమనటి అయింది. వీడు అంటే ఇల్లు. మద్రాసుల సొంత ఇల్లు కట్టుకోవాల్నని తండ్లాడే ఉద్యోగిని కథ. మరుసటేడు ‘దాసి’కి మళ్ల అదే అవార్డు. ఇంటి కోసం కొట్లాడిన మనిషే, ఒళ్లు గూడ తనది కాని మనిషిగ మారింది. ఇంకో రెండేండ్లకు, 1990 సినిమాలల్ల, ‘కర్తవ్యం’కు విజయశాంతికి అదే అవార్డు వచ్చింది. దాని పోస్టర్ లేని గోడ లేకుండె. ‘కర్తవ్యం’ మీద నాకు పేచీ లేదు. కాకపోతే ఒకటే అవార్డు తెచ్చిన రెండు సినిమాలల్ల ఒక్కటే మన ఊర్లకు ఎందుకొచ్చిందంటే, దాన్ని ప్రేక్షకుల రుచి మీద నెట్టేస్తే నేను ఒప్పుకోను. హాళ్లు ఎవరి చేతుల ఉండెనో గూడ చెప్పాలె.

అర్చనకే కాదు, ‘దాసి’కి మొత్తం అయిదు జాతీయ అవార్డులు. ఉత్తమ తెలుగు చిత్రం అదే. కెమెరాకు ఎ.కె. బిర్, కళకు తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. వైకుంఠం కరీంనగర్ దిక్కు బూరుగుపల్లి బిడ్డ. ఆయన బొమ్మలల్ల పెద్దబొట్టు ఆడోళ్లు మీకెరుకే. సుదర్శన్ పేరుకు ముందట ‘దాసి’ ఇంటిపేరు లెక్క అతుక్కున్నది. బిర్ ఒడియా, గౌతమ్ ఘోష్ బెంగాలీ. మన బతుకు మనోడే తీయాలె అని నేను అనను. విని తీయాలె. మన యాసను రౌడీకి, జోకరుకు ఇచ్చిన్రని ఉద్యమంల గొంతులు చించుకున్నం, నిజమే. ఇండ్ల మన మాట వింటే ఎవరికీ నవ్వు రాదు.

ఇగ కొంచెం కష్టమైన ముచ్చట. దొర అన్న మాటను ఉద్యమంల తిట్టుగ వాడినం. 2014 జూన్ 2 తర్వాత గూడ వాడుతనే ఉన్నం, గిట్టని నాయకుడల్లా దొరే. వాడీ వాడీ ఆ మాట అరిగింది. దొర యాదికున్నడు, గడీ వాకిలి ఊడ్చిన మనిషి యాదికి లేదు. కూలిన గడీల ముందట సెల్ఫీలు దిగుతరు, దర్వాజల మీద చెక్కుడు పని మెచ్చుకుంటరు. ఆ ఇంట్ల ఎనుక అర్రల పండుకున్న ఆడబాప పేరు ఊర్ల ఎవరన్న చెప్తరా? ఆమెకు పుట్టిన పిల్లలకు బడిల తండ్రి పేరు కాడ ఏం రాసిన్రు? పెండ్లిళ్లు ఎవరు చేసిన్రు? భూమి ఏమన్న రాసిచ్చిన్రా? దొరసాని గూడ గడీ దాటని ఆడమనిషే గద అని కొందరు అంటరు. నిజమే, కాని హుకుం ఇచ్చే నోరు ఆమెకున్నది, కమలాక్షికి లేదు.

ఉద్యోగ సంఘాల మిత్రులకు ఒక విన్నపం. మీకు భవనాలున్నయి, తెరలున్నయి. జిల్లాకొక్కసారి ఈ సినిమా వేయుండ్రి. పట్నంల చదువుకున్నోళ్లతోనే సరిపెట్టకుండ్రి, ఊర్లల్ల ఎనభై దాటిన అవ్వలను పిలువుండ్రి. సినిమా చూసినంక వాళ్లు చెప్పేది విద్యార్థులు కూసొని రాసుకోవాలె. ఆ అవ్వలు పోతే మళ్ల దొరకది.

సినిమా మెల్లగ నడుస్తది. పాట వస్తదని, ఫైటు వస్తదని చూడకుండ్రి. సెల్‌ఫోన్లు జేబులల్ల పెట్టుండ్రి. అయిపోయినంక ఎవరూ లేవకుండ్రి, చర్చ ఉన్నది. ముందుగాల చెల్లెండ్లు మాట్లాడతరు, తర్వాతనే మనం.

తమ్మీ, లైట్లు బంద్ చెయ్.