గుండెమంట: గృహచికిత్స



మన సభలందు ఉపన్యాసములు దీర్ఘములు; విందు లంతకంటె దీర్ఘములు. రాత్రి 10 గంటలకు బంతి లేచును, పదిన్నరకు శయనము. అర్ధరాత్రమున గుండెమంట! పేరట్లున్నను దీనికి గుండెతో సంబంధము లేదు. అన్ననాళము చివరనుండు కండరపుటుంగరము వదులై, జీర్ణాశయమందలి ఆమ్లము పైకెగయుటయే దీనికి కారణము.

కావున మందుకంటె ముందు వేళను మార్చవలెను. భోజనమునకును శయనమునకును 3 గంటల యెడముండవలెను. తలగడలు పేర్చినచో పొట్ట మడతపడి మంట హెచ్చును. మంచము తలవైపు కోళ్లక్రింద 6 అంగుళముల చెక్కదిమ్మ లుంచుడు. ఎడమప్రక్కకు తిరిగి పండుకొనుట మేలు. చుట్ట మానవలెను, ఈ మాట కొందఱు పెద్దలకు రుచింపదని యెఱుగుదును. పుదీనా చలువయని నమ్మెదరుగాని కొందఱికది మంటనే హెచ్చించును. వంటసోడా క్షణికశాంతి నిచ్చినను, అందలి సోడియము రక్తపుపోటు గలవారికి హానికరము.

మ్రింగుట కష్టమైనను, మలము నల్లబడినను వైద్యునకు చూపవలెను. అన్నిటికంటె ముఖ్యమొకటి. మంటయని తలచినది చేతికో దవడకో ప్రాకి, చెమటలు పట్టి, ఆయాసము కలిగెనేని అది నిజముగ గుండెజబ్బే కావచ్చును. అప్పుడు వాము నమలుచు తెల్లవారువఱకు వేచియుండక, రోగిని తత్క్షణమే ఆసుపత్రికి కొనిపొండు.