తాడు ఎవరు కొనాలి?

(యానాం యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



చెట్టెక్కినవాడు ఎవరంటే సండేస్కూలు పిల్లలు జక్కయ్య అంటారు. ఆయన మేడిచెట్టు ఎక్కినట్టు మనం చదివేది ఒక్కసారే, అదీ యేసును చూడాలని. మన సంఘాల్లో రోజూ పదుల కొద్దీ కొబ్బరిచెట్లు ఎక్కి దిగేవాళ్లున్నారు. ఈరోజు ఆ దింపు కార్మికుల గురించి మాట్లాడతాం.

కోనసీమలోనూ ఇక్కడా దింపు తీసేవారు కాళ్లకు తాడు బంధం వేసుకుని, చేతులతో మానును పట్టుకుని ఎక్కుతారు. ఆ పనితనాన్ని మేము తక్కువ చేయం. కానీ ఆ బంధం పాదం జారకుండా చూస్తుందే తప్ప, మనిషి పడితే పట్టుకోదు. వానకు నాచు పట్టిన మాను మీద, మట్టల్లోంచి కందిరీగలు లేచినప్పుడు, పనితనం ఒక్కటే చాలదు.

దీనికి పరికరాలు ఎప్పుడో వచ్చాయి. కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ తయారుచేసిన దాన్ని చెంబేరి మోడల్ అంటారు. రెండు ఇనుప చట్రాలు, ఒక్కో కాలికి ఒకటి. చట్రానికున్న స్టీలు వైరు తాడును మాను చుట్టూ తిప్పి తగిలిస్తారు. కాలి మీద బరువు పడితే వైరు బిగుస్తుంది. పిడి పట్టుకుని కాలు లేపితే వదులవుతుంది. అలా ఒక్కో కాలూ జరుపుతూ ఎక్కడం, అలాగే దిగడం. అయితే చెయ్యి పట్టు తప్పితే ఒళ్లు వెనక్కి పడుతుంది కదా, అందుకే కాసరగోడులోని కేంద్ర పరిశోధన సంస్థ దానికి భద్రతా బెల్టు జోడించింది. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యువతకు దీనిమీద శిక్షణ ఇస్తోంది. కేరళలో ఆడపిల్లలు కూడా నేర్చుకుని తోటల్లోకి దిగారు. ఇక్కడి చెల్లెళ్లు వింటున్నారనే ఈ మాట చెబుతున్నాం.

రెండో రకం తాడు పరికరాలు, కొండలెక్కేవారివి. 1931లో ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ ఒక ముడిని అందరికీ తెలియజేశాడు. బరువు పడితే అది తాడును బిగించి పడుతుంది, బరువు తీస్తే జరుగుతుంది. 1958లో స్విట్జర్లాండులో జూసీ, మార్టీ అనే ఇద్దరు అదే పనిని పళ్లున్న క్లాంపుతో చేయించారు. వాళ్ల పేర్లు కలిపి దానికి 'జుమార్' అని పేరు. తాడు మీద పైకి జరుగుతుంది, కిందికి జారదు. దిగడానికి వేరే పరికరం ఉంటుంది. తాడు దానిలో మెలికలు తిరిగి రాపిడి పుట్టి, మనిషి నెమ్మదిగా దిగుతాడు.

తెలంగాణలో తాళ్లెక్కే గీత కార్మికులకు బెల్టు, తాళ్లు, క్లిప్పులతో కూడిన కిట్లను ప్రభుత్వం 2024 జూలైలో ఇవ్వడం మొదలుపెట్టింది. పేరు 'కాటమయ్య రక్షణ కవచం'. ఆ పేరు వినగానే మనవాళ్లు కొందరు ముఖం చిట్లిస్తారు, కల్లు సంగతి ఎత్తుతారు. అది వేరే ప్రసంగం. జారిన మనిషిని ఆపే తాడుకు ఏ పేరుంటే మనకేం?

మరి పరికరం ఉన్నా చాలామంది ఎందుకు వాడరు? "మొండివాళ్లు, చదువు లేదు" అని తోటల యజమానులు అంటారు. మేము కార్మికులను అడిగితే చెప్పింది వేరు. కూలి చెట్టు లెక్కన. పరికరం ప్రతి చెట్టుకీ తగిలించాలి, విప్పాలి, మోసుకెళ్లాలి. పూటకు ఎక్కే చెట్లు తగ్గుతాయి. అంటే ప్రాణం కాపాడుకున్నందుకు కూలి కోసుకోవాలన్నమాట. ఇది మొండితనమా, లెక్కా? మీరే చెప్పండి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం ఇంటికెళ్లి చదవండి. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికే వస్తుంది. పడినవాడు చూసుకుని నడవాల్సిందని అక్కడ లేదు. ఇల్లు ఎవరిదో పిట్టగోడ ఖర్చు వారిదే. కాబట్టి తోట ఎవరిదో తాడు ఖర్చూ వారిదే, తాడు వల్ల తగ్గిన చెట్ల కూలీ వారిదే అని మేము అంటున్నాం. మన సంఘాల్లో తోటలున్నవారూ ఉన్నారు, చెట్లెక్కేవారూ ఉన్నారు. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటారు. ఈ రేటు మాట గుడిలో మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతాం?

యిర్మీయాను గోతిలోంచి లాగిన ఎబెద్మెలెకును గుర్తు తెచ్చుకోండి. తాళ్లు ఒక్కటే వేయలేదు. చంకల్లో ఒరుసుకోకుండా పాతబట్టలు కూడా వేశాడు. ఇవాళ బెల్టుకు మెత్త కుడుతున్నది ఆ లెక్కనే. ఇనుము ఒళ్లు కోస్తుంటే ఎవరూ వాడరు. కొనేటప్పుడు వాడే అన్నకు తొడిగి చూసి కొనండి.

యువకులకు ముఖ్యమైన మాట. తాడును మట్టకు, గెలకు కట్టకూడదు. మానుకే చుట్టాలి. వైరులో ఒక్క పోగు తెగినా పక్కన పడేయాలి. ఒంటరిగా ఎవరూ ఎక్కకూడదు. స్పృహ తప్పి బెల్టులో వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. కిందున్నవారికి అతన్ని దించడం రావాలి. కిందపడిన మనిషిని చేతులు, కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కుదించొద్దు. వెన్నుపూస విరిగి ఉంటే ఆ ఎత్తడంలోనే కాళ్లు పోతాయి. అంబులెన్సు పిలవండి. కదిలించక తప్పకపోతే మెడ, నడుము వంగకుండా నలుగురు కలిసి బల్ల మీదికి చేర్చండి.

బోర్డువారి 'కేర సురక్ష' బీమా కూడా ఉంది. దరఖాస్తు నింపడం చదువుకున్న మీ పని.

భోజనాల ముందు వెనుక తోటలో రెండు రకాల పరికరాలూ చూపిస్తాం. ఎక్కేది దింపు అన్నలే, మీరు కింద తాడు పట్టడం నేర్చుకోండి. తోటలున్న పెద్దలు కూడా రండి. చెట్టుకు రేటు అక్కడే మాట్లాడుకుందాం.