సబ్జా గింజల పని ఎంతవరకు?

(కామారెడ్డిలో జరిగిన పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు ఫోన్ చేసి "ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడాలె" అన్నప్పుడు, నేను డాక్టర్ని కాదు, కాలువల ఇంజినీర్ని అన్నాను. "డాక్టర్లు చెప్తే మనోళ్ళు వింటలేరు, నువ్వే చెప్పు" అన్నారు. ఈ ఎండాకాలం మన గ్రూపులో అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన సంగతి సబ్జా గింజలు. అందుకని వాటి గురించే చెబుతాను. పదో తరగతి సైన్సు దాటను, మా సైన్సు సార్ ముందు వరుసలోనే కూర్చున్నారు.

సబ్జా మనకు కొత్తది కాదు. ఎండాకాలం నిమ్మకాయ నీళ్ళలో, రంజాన్ నెలలో ఇఫ్తార్ షర్బత్‌లో, ఫాలూదా గ్లాసులో నల్ల చుక్కల్లా తేలేవి అవే. తులసి జాతిదే కానీ కోటలో పూజించే తులసి కాదు. రుద్రజడ, భూతులసి అని పిలిచే మొక్క గింజలివి. యునానీ హకీములు తుఖ్మె రైహాన్ అంటారు. సూపర్ మార్కెట్లో చియా పేరుతో అమ్మేది దీనికి దూరపు చుట్టం. అది మెక్సికో వైపు పుట్టింది. రెండిటిదీ పుదీనా కుటుంబమే, నానినాక చేసే పనీ ఇంచుమించు ఒకటే. మన కిరాణా కొట్టులో సబ్జా పొట్లం ఉండగా చియాకు అంత డబ్బు ఎందుకు పోస్తారో నాకైతే అర్థం కాదు.

ఒక చెంచా గింజలు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. కొద్ది నిమిషాల్లోనే ఒక్కో గింజకు తెల్లటి జిగురు తొడుగు వస్తుంది. గింజ పైపొరలో గ్లూకోమన్నన్, జైలన్ లాంటి పొడవాటి గొలుసులు ఎండి ముడుచుకుని ఉంటాయి. నీళ్ళు తగలగానే అవి విచ్చుకుని, గింజ బరువుకు పది రెట్లకు పైగా నీటిని పట్టుకుంటాయి. ఆ గొలుసులు చక్కెర అణువులతో అల్లినవే అయినా మన అరుగుదల రసాలు వాటిని తెంపలేవు. అందుకే దాన్ని పీచు అంటాం.

ఈ జిగురు కడుపులోకి వెళ్ళి అన్నంతో కలిస్తే ఆ ముద్ద చిక్కబడుతుంది. అన్నంలోని పిండి చక్కెరగా మారి రక్తంలో కలవడం కొంత నెమ్మదిస్తుంది. కడుపు నిండినట్టు ఉంటుంది, మలబద్ధకం తగ్గుతుంది. ఇలాంటి జిగురు పీచు పైత్యరసాన్ని కొంత పట్టుకుని బయటికి తీసుకుపోతుంది కాబట్టి కొలెస్ట్రాల్ కూడా కొద్దిగా దిగుతుంది. ఈ కొలెస్ట్రాల్ సంగతి ఓట్స్ మీద, ఇసబ్‌గోల్ మీద గట్టిగా పరీక్షించి చూసిందే. గుండెకు మేలని పాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ప్రభుత్వం 1997లో ఓట్స్‌కు, 1998లో ఇసబ్‌గోల్‌కు అనుమతి ఇచ్చింది. సబ్జా మీద మనుషుల్లో జరిగిన పరీక్షలు చాలా తక్కువ. చుట్టరికాన్ని బట్టి మేలు ఊహించవచ్చు గానీ, ఓట్స్‌కు వచ్చిన మార్కులు తెచ్చి సబ్జా ఖాతాలో వేయకూడదు.

ఇంకో ఖాతా తప్పు కూడా జరుగుతోంది. యూజినాల్, లినలూల్ అని మెసేజ్‌ల్లో వచ్చే పేర్లన్నీ ఆకు నుంచి తీసే సువాసన నూనెవి. సీసాలో సూక్ష్మజీవుల మీద ఆకు నూనె చూపించిన ప్రతాపాన్ని, మనం గ్లాసులో తాగే గింజకు అంటగడుతున్నారు. గింజ నూనె వేరు. అందులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే అవిసె గింజల్లో ఉండే ఒమేగా-3 రకం. మంచిదే. కానీ అది గట్టి పెంకు లోపల ఉంటుంది. నమలకుండా జారవిడిచిన గింజ చాలావరకు వెళ్ళినట్టే బయటికి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎల్లారెడ్డి వైపు ఉండే మన మిత్రుడు ఒకతను, పేరు చెప్పను, చెప్పమని అతనే అడిగాడు కనుక చెబుతున్నాను. పరగడుపున సబ్జా నీళ్ళు తాగితే షుగర్ మాయమని వచ్చిన మెసేజ్ నమ్మి గోలీలు ఆపేశాడు. నాలుగు నెలలు రోజూ తప్పకుండా తాగాడు. హుషారుగానే ఉన్నాను కదా అని రక్త పరీక్ష చేయించలేదు. పొలంలో కాలికి చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ పుండు మానలేదు. చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. చూడడానికి వెళ్తే నన్ను అడిగిన మొదటి మాట: "గింజలు మంచియి కావా రా?"

మంచివే. నిజాంసాగర్ నీళ్ళతో పెరిగినవాళ్ళం, నీటి లెక్కలోనే చెబుతాను. రక్తం ఒక చెరువు అనుకోండి. అందులోకి చక్కెర రెండు కాలువల్లో వస్తుంది. ఒకటి మనం తిన్న తిండి నుంచి. రెండోది మన కాలేయం నుంచి. మనం నిద్రపోతున్నా అది రాత్రంతా చక్కెర వదులుతూనే ఉంటుంది. షుగర్ జబ్బులో ఈ రెండో కాలువ ఎక్కువ పారుతుంది. పొద్దున ఏమీ తినకముందే షుగర్ ఎక్కువ కనిపించేది చాలావరకు అందుకే. సబ్జా పనంతా పేగులోనే. మొదటి కాలువకు కాస్త అడ్డం పడుతుంది, రెండో కాలువ తూము దగ్గరికి అది చేరనే చేరదు. మెట్‌ఫార్మిన్ గోలీ ముఖ్యంగా పని చేసేది అక్కడ. నాలుగు నెలలు మనవాడు ఆ తూము తెరిచే ఉంచాడు.

పైగా మనది బెల్లానికి పేరున్న కామారెడ్డి. సబ్జా నీళ్ళలో రెండు బెల్లం గడ్డలు వేసుకుని "షుగర్‌కు మంచిది" అని తాగేవాళ్ళను నేను చూశాను. ఇక ఆ గింజ మాత్రం ఏం చేస్తుంది!

పీచు లెక్క కూడా ఒకసారి వేసుకోండి. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. చిన్న చెంచా గింజలు 5 గ్రాములు దాటవు. అదంతా పీచే అనుకున్నా ఇంకా 20 గ్రాములు కావాలి. అవి జొన్నరొట్టె, పెసర్లు, తోటకూర, జామకాయల నుంచి రావాల్సిందే.

తాగే పద్ధతి గురించి రెండు మాటలు. పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్ళు తాగొద్దు. 2014లో అమెరికా డాక్టర్లు ఒక కేసు చెప్పారు. 39 ఏళ్ల మనిషి చెంచాడు పొడి చియా మింగి గ్లాసు నీళ్ళు తాగాడు. గింజలు అన్నవాహికలోనే ఉబ్బి అడ్డంపడ్డాయి. వాటిని తీయడానికి ఆస్పత్రిలో గొట్టం వేయాల్సి వచ్చింది. సబ్జా చియా కన్నా త్వరగా ఉబ్బుతుంది. పావుగంట నానబెట్టి, నీళ్ళు ఎక్కువగా పోసుకుని తాగండి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దలకు, చిన్న పిల్లలకు పెట్టొద్దు. గోలీలకు, సబ్జాకు మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. జిగురులో పడితే మందు సరిగ్గా ఒంటపట్టదు. పొద్దున్నే థైరాయిడ్ గోలీ వేసుకునే అక్కలు, చెల్లెళ్ళు ఎంత ఎడం ఉండాలో డాక్టర్ని అడగండి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సబ్జా వేసిన నిమ్మకాయ నీళ్ళు పెట్టించాం. ఎడమవైపు కుండలో చక్కెర లేదు, ఉప్పు చిటికెడే. బయట వరండాలో షుగర్ పరీక్ష చేస్తున్నారు, అన్నానికి ముందే అక్కడ వేలు చూపించి రండి. మన మిత్రుడు కూడా వచ్చాడు, పేర్లు రాసుకుంటున్నది అతనే.