గోడకావలి యేడుపు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



పండుగనాడు శుభము పలుకవలెనందురు. కాని యీ గ్రంథాలయమునకు నేనొక బాకీ పడియున్నాను. లెక్కలు వ్రాసి బ్రదికినవాడను గనుక దానిని మీ యెదుట ఒప్పుకొనుచున్నాను.

ఈ గ్రంథాలయము స్థాపించిన తొలియేండ్లలో ఒక బాలుడు ప్రతి సాయంకాలము వచ్చి మూలబల్లకడ కూర్చుండెడివాడు. చందమామ తెరచి ఒకే పుటను చూచుచుండెడివాడు. తలుపు మూయువేళ “ఇంటికి పో నాయనా, మీ అమ్మ యెదురుచూచుచుండును” అనెడివాడను. ఆ తల్లికి రాత్రులందు దెబ్బలు పడుచుండెనని నాకు తెలియకపోలేదు. గోడ కీవలనే నా వసతి. కేక వినబడినను చిట్టా మూయక కూడికలు వేసికొనుచుంటిని. “ఆలుమగల తగవు, మనకేల?” అనుకొంటిని. కొంతకాలమునకు ఆ దెబ్బలు బాలుని వీపునకును వచ్చినవి. అతడు బడి మానెను. తల్లియు బిడ్డయు ఊరు విడిచిపోయిరి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో చేనిగట్టు జానెడు జరిగినదన్నచో సాక్ష్యమునకు పదిమంది వత్తురు. చెక్కుబందీ నోటనే చెప్పుదురు. ఇంటిలోపల ఇల్లాలి పన్ను రాలినచో ఒక్క సాక్షియు దొరకడు.

భార్యను కొట్టు చేయి తరచుగా బిడ్డను గూడ విడువదు. అడ్డువచ్చిన బిడ్డకు దెబ్బ తగులును. ఒక్కొక్కచో దెబ్బతిన్న తల్లియే తన దుఃఖమును బిడ్డపై తీర్చుకొనును. ఒంటికి తగులకున్నను, చూచిన బిడ్డకు నిద్ర చెడును, చదువు చెడును. బలవంతుడు కొట్టవచ్చునని మగబిడ్డయు, ఓర్చుటయే ధర్మమని ఆడుబిడ్డయు నేర్తురు. అందరును అట్లగుదురని కాదు. ఒక్క పెద్దదిక్కు ఆదరించినను తేరుకొను బిడ్డలు గలరు. మన సీమ కక్షలను లోకము చెప్పుకొనును. కక్షకు ఓనమాలు ఇంటనే దిద్దింపబడునని నా యభిప్రాయము.

ప్రహ్లాదచరిత్రను మనము భక్తికై చదువుదుము. ఆ తండ్రి కొడుకును ఏనుగులచే త్రొక్కింపజూచెను, పాములచే కరపింపజూచెను. గురువులు సైతము రాజు పక్షముననే యుండిరి. మనుష్యు లడ్డురానందుననే గదా స్తంభము చీలవలసివచ్చెను! అదే కథలో గర్భవతియైన లీలావతిని ఇంద్రుడు చెరపట్టి కొనిపోవుచుండగా నారదుడు అడ్డగించి తన ఆశ్రమమున నిలిపెను. గర్భములోని శిశువు అచ్చట ధర్మము వినెను. తల్లికి చోటిచ్చుటయే బిడ్డను కాపాడుట.

పొరుగునున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలియేండ్లయందు, చదువు నేర్చుకొనుచుండిన స్త్రీలు ఒక్కటై సారాను ఎదిరించిరి. ఇండ్లలోని యేడుపు ఊరి మాట యయ్యెను; ఊరి మాట రాష్ట్రపు మాట యయ్యెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది. త్రాగనివారును కొట్టుదురు గనుక మద్యమొక్కటియే హేతువు కాదు. కాని అక్షరము నోరిచ్చునని ఆ తల్లులు నిరూపించిరి.

2005 నాటి గృహహింస చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలునకు వచ్చెను. దాని ప్రకారము బాధితురాలే పోనక్కరలేదు. సంగతి తెలిసినవా రెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై ఏ బాధ్యతయు ఉండదు. ఆమెను ఇల్లు వెడలగొట్టరాదనియు, బిడ్డలను తాత్కాలికముగ ఆమెకడ నుంచవలెననియు మేజిస్ట్రేటు ఉత్తరు వీయగలడు. ఫోనునందు బిడ్డలకొరకు 1098, స్త్రీలకొరకు 181 అంకెలు గలవు. ఈ రెండంకెలను గ్రంథాలయ ద్వారముపై వ్రాయింపుడు.

ఊరిపెద్దలకు నా మనవి: “సర్దుకొమ్మా” యని ఆమెను తిరిగి పంపుటకు ముందు, బిడ్డలు ఆ యింట భయములేక నిద్రింతురా యని విచారింపుడు. కేక విన్ననాడు ఒంటరిగా గాక నలుగురు కలిసి తలుపు తట్టుడు. పిదప ఆమెను ఏకాంతమున, ఆడువారిచేత, ఏమి కావలెనో అడిగింపుడు. ఇంటికి పోవ జంకు బిడ్డను పదిమందిలో ప్రశ్నింపకుడు. ప్రక్కన కూర్చుండుడు, వినుడు, నమ్ముడు.

ఆ బాలు డిప్పు డెచ్చటనున్నాడో నే నెరుగను. అతని బాకీ నాకు తీరదు. రేపు ఆ మూలబల్లకడ కూర్చుండు బిడ్డకైనను మన మందరము కలిసి దానిని చెల్లింతుము గాక! సెలవు.