ఉష్ణీషము



కొత్తపట్నమున సముద్రపుగాలి యెంత వీచుచున్నను, వేసవి మధ్యాహ్నమున తలపై గుడ్డలేక గడపదాఁటుట కష్టము. ఆ గుడ్డను గూర్చియే నేఁడు నాలుగు మాటలు మనవి చేసెదను.

సంస్కృతమున దీనికి ఉష్ణీషమని పేరు. ఉష్ణమును పోఁగొట్టునది కనుక ఉష్ణీషము. అమరకోశము ఈ పదమునకు తలచుట్టు గుడ్డ యనియు, కిరీటమనియు రెండర్థములు చెప్పుచున్నది. రాజు కిరీటమును, రైతు తలగుడ్డయు నొకే పదమున నిమిడియున్నవి. అమరావతి స్తూపశిల్పములలో పురుషుల శిరములపై మడతలు తీర్చిన పాగాలు నేఁటికిని కానవచ్చును. కాఁబట్టి యిది మన సీమలో మిక్కిలి ప్రాఁతదైన యలవాటు.

తెలుఁగున పాగా, తలగుడ్డ, రుమాలు అని పేరులు పెక్కు. ఉపయోగములును పెక్కే. ఎండకు గొడుగు, బరువునకు చుట్టకుదురు, చెమటకు తువాలు, చద్దికి మూట, చెట్టునీడను తలగడ. ముసుగు మాత్రము వేఱు. అది తలతోపాటు ముఖమును గూడ దాఁచును. కనుకనే 'ముసుగులో గుద్దులాట' యను పలుకుబడి పుట్టినది. పాగా దాఁచునది కాదు. మనిషి మర్యాదను పదిమందికిఁ జూపునది. దానిని తీసి యొకరి పాదములయొద్ద నుంచుట శరణువేఁడుట.

ముప్పదియేండ్ల క్రిందట, మిరపకల్లముల కాలమున, ఒక పల్లె రచ్చబండపై పెద్దలతోఁ గూర్చుండియుంటిని. మిరపకాయల టిక్కీ మోసికొనివచ్చుచున్న కూలి యొకఁడు మమ్ముఁ జూచి, టిక్కీ దింపి, తలగుడ్డ విప్పి చంకఁబెట్టుకొని, మా మాటలు ముగియువఱకు ఎండలో నిలిచెను. అతఁడు నా బడిలోఁ జదివినవాఁడే. ఉష్ణీష శబ్దమునకు అర్థము నేనే చెప్పియుంటిని. మేము వేపచెట్టు నీడను గూర్చుంటిమి. పాగాలు మా తలలపై నుండెను. ఎండ యతనిది. "చుట్టుకొనుము నాయనా" యని నేననలేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. చట్టము పలికి నలువదియేండ్లు దాఁటినను నా నోరు పలుకలేదు. అతఁడు తిరిగి టిక్కీ యెత్తుకొని పోయెను. నేను చెప్పిన పాఠము అతని కక్కఱకు రాలేదు.

పెద్దలారా! ఉష్ణమును పోఁగొట్టునదే ఉష్ణీషమైనచో, ఎవరి తలపై నెండ పడునో ఆ తలకే యది మొదట చెల్లవలెను. ఇదియే ఆ పదమునకు నేను నేర్చుకొన్న కడపటి యర్థము. మీ రచ్చబండయొద్ద నెవరైనను తలగుడ్డ విప్పఁబోయినచో, నేనానాఁడు అనని మాట మీరనుఁడు.